మర్మాంగాల పులిపిర్లకు ఫ్రీజింగ్ వైద్యం మా దగ్గరి ఆసుపత్రుల్లోనే అందించండి

గోదావరి డెల్టా జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో చాలా భాగం లేబర్ రూములోనూ గైనిక్ ఓపీలోనూ గడిచింది. మధ్యలో కొన్నేళ్లు ఒక పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చేశాను. ఇప్పుడు కోనసీమలో మా సొంతూళ్లో ఉంటున్నాను. మిమ్మల్ని అడిగేది ఒకటే పని. మర్మాంగాల దగ్గర లేచే పులిపిర్లను లిక్విడ్ నైట్రోజన్ అనే అతి చల్లటి ద్రవంతో గడ్డకట్టించి రాల్చే ఫ్రీజింగ్ వైద్యం అమలాపురం, రామచంద్రపురం, నరసాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు లాంటి పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టండి. రోజూ అక్కర్లేదు. రెండు వారాలకోసారి, అందరికీ ముందే తెలిసిన ఒక రోజున, తలుపు వేసుకునే గదిలో ఉంటే చాలు. మీ పరిధిలో ఎక్కడైనా ఇప్పటికే చేస్తున్నట్టయితే ఆ సంగతి మా ఊళ్ల దాకా రాలేదు. దయచేసి వచ్చేలా చూడండి.

ఇంత గుట్టు విషయం నలుగురూ చదివే చోట రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ బాధ పడేవాళ్లు తమంతట తాము అర్జీ పెట్టుకోలేరు. సోమవారం కలెక్టరేట్‌లో లైన్లో నిలబడి రోడ్డు గురించి, పింఛను గురించి చెప్పుకోవచ్చు. దీని గురించి ఎవరు చెప్పుకుంటారు? అందుకే వాళ్ల తరఫున నేను రాస్తున్నాను.

ఆడవాళ్లు నా దగ్గర ఈ మాట ఎత్తే తీరు దాదాపు ఒకేలా ఉండేది. బీపీ చూపించుకోవడానికో, కోడలి కాన్పు సంగతి అడగడానికో వస్తారు. అందరూ వెళ్లేదాకా కూర్చుంటారు. "సిస్టరు గారండీ, చిన్న మాటండి. కింద ఏవో పొక్కుల్లా లేచాయండి. నొప్పి లేదండి, దురదండి" అంటారు. ఎన్నాళ్ల నుంచమ్మా అంటే ఆర్నెల్లంటారు, ఏడాదంటారు. మగవాళ్లు నర్సుకు అసలు చెప్పరు. మందుల షాపుకు వెళ్లి చేతి మీది పులిపిరికని చెప్పి ఏదో ఒకటి కొనుక్కుంటారు. చేతుల పులిపిర్లకు, ఆనెకాయలకు అమ్మే సాలిసిలిక్ యాసిడ్ ఆ లేత చర్మం మీద పెడితే ఏమవుతుందో మీకు తెలుసు, వాళ్లకు తెలియదు.

సున్నంలో చాకలి సోడా కలిపి పెట్టుకున్నవాళ్లను చూశాను. నల్లజీడి రసం పూసుకుని తొడల దాకా బొబ్బలెక్కి, నడవలేక, అయినా వాళ్లమ్మకు చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుని బతిమాలిన కుర్రాణ్ని చూశాను. గుర్రం తోక వెంట్రుక కట్టడం మెడ మీది పులిపిరికి మన పెద్దవాళ్లు చేసే పని, దాన్ని కూడా అక్కడ ప్రయత్నించినవాళ్లున్నారు. ఊళ్లో వైద్యం చేసే ఒకతను పుల్లతో యాసిడ్ అద్ది పంపిస్తే ఒకామెకు పుండు మానడానికే నెలలు పట్టింది. మానిన చోట చర్మం బిగుసుకుపోయి కాపురం కష్టమైంది. అతన్ని తిట్టడం తేలికే. ఎవరికీ తెలియకుండా ఆమె వెళ్లగలిగినంత దూరంలో ఉన్న వైద్యం అదొక్కటే.

మీకు తెలిసినదే అయినా, ఈ లేఖ మామూలు జనం కూడా చదువుతారు కనుక జబ్బు గురించి నాలుగు ముక్కలు చెబుతాను. ఇది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. అందులో చాలా రకాలున్నాయి. మర్మాంగాల పులిపిర్లలో నూటికి తొంభై దాకా 6, 11 నంబర్ల రకాల వల్ల వచ్చేవే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ముఖ్య కారణాలైన 16, 18 రకాలు వేరు. "క్యాన్సరంటండి" అని వణికిపోతూ వచ్చే మనిషికి మొట్టమొదట చెప్పాల్సిన మాట ఇది. వైరస్ ఎక్కువగా కలయికలో, చర్మానికి చర్మం రాసుకున్నప్పుడు అంటుతుంది. కండోమ్ వాడితే ప్రమాదం తగ్గుతుంది. అది కప్పని చర్మం ఎలాగూ ఉంటుంది కాబట్టి పూర్తి రక్షణ దొరకదు. కొందరికి ఏ మందూ లేకుండానే తగ్గిపోతాయి. కొందరికి ఏళ్లు గడిచినా అలాగే ఉంటాయి. కొందరికి కాలీఫ్లవర్ గుత్తుల్లా పెరిగి, చెమటకు ఒరుసుకుని, కూర్చోవడమే ఇబ్బందవుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మరీ పెద్దవై, వైద్యానికి ఒక పట్టాన లొంగవు.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వాళ్లు సుఖవ్యాధుల కోసం నడిపే సురక్ష క్లినిక్‌లు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తున్న మేలు నాకు బాగా తెలుసు. అక్కడ లక్షణాన్ని బట్టి ఇచ్చే కిట్లు ఏడు, ఏడింటికీ ఏడు రంగులు: బూడిద, ఆకుపచ్చ, తెలుపు, నీలం, ఎరుపు, పసుపు, నలుపు. చదువు రానివాళ్లకు కూడా పొరపాటు జరగకుండా ఎంతో ఆలోచించి పెట్టిన పద్ధతి. పులిపిర్లకు మాత్రం కిట్ లేదు. ఉండే వీలు కూడా లేదు, ఇది మాత్రలతో పోయే జబ్బు కాదు, ఎవరో ఒకరు చేత్తో చేయాల్సిన వైద్యం. అందుకే అంత ధైర్యం చేసి ఆ గుమ్మం తొక్కినవాళ్లు కూడా పెద్దాసుపత్రికి రాసిన చీటీ పట్టుకుని వెనక్కి వెళ్లడం చూశాను. అలా చీటీ తీసుకున్నవాళ్లలో చాలామంది ఆ చీటీని ఇంటికి చేరేలోపే చింపేస్తారు. ఇంట్లో ఎవరి కంట పడుతుందోనని వాళ్ల భయం.

ఫ్రీజింగే ఎందుకు అని అడగవచ్చు. వేరే మందులూ ఉన్నాయి. పోడోఫిలిన్ ఉంది, అది గర్భిణికి పెట్టకూడదు. ఇమిక్విమోడ్ క్రీము ఉంది, వారానికి మూడు రాత్రులు, 16 వారాల దాకా రాసుకోవాలి. అందరూ ఒకే గదిలో పడుకునే ఇంట్లో ఆడమనిషి ఆ ట్యూబు ఎక్కడ దాచుకుంటుంది? కరెంటుతో కాల్చాలంటే మత్తు ఇంజెక్షన్ కావాలి, ఆ పొగలో వైరస్ ఆనవాళ్లు ఉంటాయి కాబట్టి పొగను లాగేసే ఏర్పాటు కావాలి. టీసీఏ అనే ఆమ్లం చేయి తిరిగిన డాక్టరు చేతిలో మంచి మందు, గర్భిణులకూ పెట్టవచ్చు. కొంచెం ఎక్కువైతే పక్కకు జారి మంచి చర్మాన్ని తినేస్తుంది. వీటిలో దేన్నీ తీసిపారేయను. అయితే గర్భిణికీ పనికొచ్చి, చాలామందికి మత్తు అక్కర్లేకుండా, ఓపీ గదిలో కొద్ది నిమిషాల్లో ముగిసి, ఇంటికి ట్యూబూ సీసా ఏమీ పట్టుకెళ్లనక్కర్లేని వైద్యం ఇది. మా వాళ్ల బతుకులకు అమరేది ఇదేనని నా నమ్మకం.

ఎలా చేస్తారో కూడా చెబుతాను, తెలియకపోవడం వల్లే సగం భయం. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. దాన్ని బాగా చల్లబరిచి ద్రవంగా మారిస్తే అది మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది. 1950లో ఆలింగ్టన్ అనే అమెరికన్ చర్మవైద్యుడు దూది పుల్లను అందులో ముంచి చర్మం మీది కాయలకు వాడిన విధానాన్ని ప్రచురించాడు. తర్వాత స్ప్రే గన్లు వచ్చాయి. పులిపిరి మీద పట్టించగానే కొన్ని సెకన్లలో తెల్లగా గడ్డకడుతుంది. ఆ తెలుపు పులిపిరి అంచు దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు పాకగానే ఆపేయాలి. కరిగి మామూలు రంగుకు వచ్చాక, అవసరమైతే ఇంకోసారి. కణాల్లోని నీళ్లు మంచు పలుకులుగా మారి కణాలు పగిలిపోతాయి, దానికి రక్తం అందించే సన్నటి నాళాలు మూసుకుపోతాయి. చలికి వైరస్ చావదు. వైరస్ ఉన్న కండ చచ్చి రాలిపోతుంది.

చేసేటప్పుడు చురుక్కుమని మంట, ఆ తర్వాత కాసేపు పోటు ఉంటాయి. పులిపిర్లు ఎక్కువగా ఉన్నవాళ్లకు ముందుగా తిమ్మిరి క్రీము రాస్తే ఓర్చుకోగలరు. సాయంత్రానికో మర్నాటికో పొక్కు లేస్తుంది, ఒక్కోసారి అందులో రక్తం ఉంటుంది. పొక్కు చిదమకూడదు. పెచ్చు కట్టి ఒకటి రెండు వారాల్లో రాలుతుంది. మన చామనఛాయ ఒంటి మీద ఆ చోట తెల్లమచ్చ మిగలవచ్చు, కొందరికి నెలల తరబడి. ఈ మాట ముందే చెప్పాలి. చెప్పకపోతే బొల్లి మొదలైందని హడలిపోతారు, రెండోసారి రారు.

రెండోసారి రావడమే ఈ వైద్యానికి ప్రాణం. ఒక్కసారితో పోవడం అరుదు. వారం, రెండు వారాల ఎడంతో మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చేయాల్సి ఉంటుంది. అన్నీ రాలిపోయాక కూడా చుట్టుపక్కల చర్మంలో వైరస్ మిగిలి, మొదటి మూడు నెలల్లో కొత్తవి లేవడం మామూలే. అవి చిన్నగా ఉండగానే చూపించుకుంటే ఒకటి రెండు సార్లలో పోతాయి. మధ్యలో మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పెద్దాసుపత్రిలో పనిచేసిన రోజుల్లో నేను గమనించింది ఏమిటంటే, మానేసినవాళ్లలో నొప్పికి భయపడి మానేసినవాళ్లు తక్కువ. దారి తట్టుకోలేక మానేసినవాళ్లే ఎక్కువ.

సఖినేటిపల్లి వైపు మనిషి కాకినాడ వెళ్లాలంటే రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం మీంచి పోవాలి. ఓపీ చీటీ వేళకు అక్కడ ఉండాలంటే కోడి కూయకముందే బయల్దేరాలి. తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టేస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది, పెద్ద సాయమే. కానీ నాట్ల రోజుల్లో ఒక రోజు కూలి పోతుంది. ముఠాలో ఒక మనిషి తగ్గితే మిగతావాళ్లు ఎందుకు రాలేదని అడుగుతారు. రొయ్యల షెడ్డులో అయితే రెండోసారి సెలవడిగితే ఆ చోటులో ఇంకొకరిని పెట్టేస్తారు. ఇంట్లో అత్తగారికి ఏదో ఒకటి చెప్పాలి. మొదటిసారి పంటి నొప్పి అంటుంది. రెండోసారి పుట్టింట్లో పనుందంటుంది. మూడోసారి బ్యాంకు అంటుంది. నాలుగోసారికి చెప్పడానికి ఏమీ మిగలదు, అక్కడితో వైద్యం ఆగిపోతుంది. అదే అమలాపురంలోనో పాలకొల్లులోనో ఉంటే బజారుకు వెళ్లినట్టు వెళ్లి మధ్యాహ్నం కూడు వేళకు ఇంట్లో ఉండవచ్చు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ ఆసుపత్రి మా తరాలను బతికించింది. రాజమహేంద్రవరం, ఏలూరులలో 2023లో కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, సంతోషం. అక్కడి చర్మవైద్యులు నెలకు రెండు రోజులు మా పట్టణాలకు వచ్చేలా డ్యూటీ వేయడం మీ చేతుల్లో పనే. డాక్టరు వచ్చి చూసి నిర్ధారించి, మొదటిసారి చేస్తే, చిన్న చిన్న కేసుల్లో తర్వాతి విడతలు ఆయన పర్యవేక్షణలోనే శిక్షణ పొందిన మెడికల్ ఆఫీసరు చేయగలరు.

ఇంత చల్లటి ద్రవాన్ని పల్లె పట్టణాలకు తేవడం ఎలాగని మీరు అంటారేమో. అది ఎప్పటి నుంచో వస్తోంది. మా పశువుల ఆసుపత్రిలో వరండా చివరి గదిలో అల్యూమినియం డబ్బాల్లో ఉంటుంది. ఎద కొచ్చిన గేదెలకు సూది వేసే ముర్రా వీర్యం స్ట్రాలన్నీ లిక్విడ్ నైట్రోజన్‌లోనే నిల్వ ఉంటాయి. ఊళ్లలో ఆ సూదులు వేసే గోపాలమిత్ర కుర్రాళ్లు చిన్న డబ్బాను బండికి కట్టుకుని పాకల దాకా తీసుకెళ్తారు. డబ్బాలో మట్టం ఎంతుందో పుల్ల పెట్టి కొలవడం, తగ్గకముందే నింపించుకోవడం వాళ్లకు రోజువారీ పని. పశుసంవర్ధక శాఖ ఏళ్లుగా ఈ సరఫరా నడుపుతోంది. పశువులకు ఇస్తున్నారని నాకు కడుపుమంట లేదు, పాడి మీదే బతికే ఇళ్లు మావి. గేదె కోసం ఊరి దాకా వచ్చిన నైట్రోజన్ ఆ గేదెను సాకే మనిషికీ అందితే చాలు. రెండు శాఖలూ జిల్లాలో ఒకే కలెక్టరు గారి కింద పనిచేస్తాయి. ఒక సమావేశం, ఒక ఉత్తర్వు, ఆసుపత్రి పేరు మీద ఒక వేరే డబ్బా. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల్లో ఈ ఖర్చు భరించలేనిది కాదు. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో మైనస్ 183 డిగ్రీల లిక్విడ్ ఆక్సిజన్‌ను ట్యాంకర్ల మీద తెప్పించి ఆసుపత్రుల్లో నిలవచేశాం. ఆ సిబ్బందే ఇప్పుడూ ఉన్నారు.

జాగ్రత్తలు లేవనడం లేదు. ఉన్నాయి, గట్టిగా పాటించాలి. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది, ఇరుకు గదిలో ఊపిరాడకుండా చేస్తుంది. కిటికీలు తెరిచి ఉండే గది కావాలి, లిఫ్టులో డబ్బాతో పాటు మనిషి ఎక్కకూడదు. మూత బిగించకూడదు, బిగిస్తే డబ్బా పేలుతుంది. ఒంపేటప్పుడు కళ్లజోడు, వదులు చేతిమేజోళ్లు ఉండాలి. ఇంకొకటి నేను చర్మవిభాగంలో నేర్చుకున్నది, చాలామంది పట్టించుకోనిది: దూది పుల్లను పెద్ద ఫ్లాస్కులో ముంచి, పేషెంటుకు అద్ది, మళ్లీ అదే ఫ్లాస్కులో ముంచకూడదు. ఆ చలిలో వైరస్ చావదని చెప్పాను కదా, ఒకరిది ఇంకొకరికి వెళ్తుంది. ప్రతి మనిషికీ వేరే కప్పులోకి కొద్దిగా ఒంపుకుని, మిగిలింది ఆవిరి కానివ్వాలి. వృథా అని కక్కుర్తి పడకూడదు. యోని లోపలి పులిపిర్లకు చల్లబరిచిన లోహపు పుల్ల (ప్రోబు) పెట్టకూడదు, లోపల చిల్లుపడే ప్రమాదం ఉంది. లోపలి కేసులు పెద్దాసుపత్రికే పంపాలి.

ఫ్రీజ్ చేసే ముందు నిదానంగా చూడటం మరీ ముఖ్యం. మర్మాంగాల మీద వయసు వచ్చాక సహజంగా లేచే, ఏ జబ్బూ కాని సన్నటి బుడిపెలు చాలామందికి ఉంటాయి. ఫోన్లో ఏవో బొమ్మలు చూసి బెంగపడి వచ్చే కుర్రాళ్లలో కొందరివి అవే. వాళ్లకు కావాల్సింది ధైర్యం చెప్పి పంపడం. సిఫిలిస్ రెండో దశలో కూడా చూడటానికి పులిపిర్లలాంటివే చదునుగా లేస్తాయి, వాటికి పెన్సిలిన్ ఇంజెక్షన్ కావాలి. రక్తపరీక్ష చేయకుండా గడ్డకట్టించి పంపేస్తే అసలు జబ్బు ఒంట్లోనే ఉండిపోతుంది. సిఫిలిస్ పరీక్ష, ఒప్పుకుంటే హెచ్‌ఐవీ పరీక్ష మన ఆసుపత్రుల్లో ఇప్పటికే ఉచితంగా ఉన్నాయి. కలిపి చేయడమే మిగిలింది.

ఇక ఈ లేఖలో నాకు అన్నిటికన్నా బరువైన విషయం. కోనసీమ నుంచీ నరసాపురం వైపు నుంచీ గల్ఫ్ వెళ్లినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. మగవాళ్లూ వెళ్తారు, ఇంటి పనులకు ఆడవాళ్లూ వెళ్తారు. కువైట్ నుంచి వచ్చిన కొద్ది నెలలకు భార్యకో భర్తకో పులిపిరి కనిపిస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నేను చూశాను. "ఎక్కడ తిరిగొచ్చావు" అన్న ఒక్క ప్రశ్నతో కాపురాలు కూలాయి. ఇక్కడే ఉండి అత్తమామలను, పిల్లలను చూసుకున్న ఆడపిల్ల మీద నింద పడ్డ ఇళ్లూ ఉన్నాయి. వైరస్ ఒంట్లో చేరాక పులిపిరి పైకి కనిపించడానికి కొన్ని వారాల నుంచి చాలా నెలలు పడుతుంది, కొందరిలో ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. చాలామందికి ఎప్పటికీ పైకి కనిపించదు, అయినా ఇంకొకరికి అంటవచ్చు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో తేల్చి చెప్పే పరీక్ష లేదు. పెళ్లికి ముందటిది కావచ్చు, ఎవరిదైనా కావచ్చు. ఈ మాట తెల్లకోటు వేసుకున్న మనిషి నోటి నుంచి రావాలి. నర్సుగా నేను చెబితే కొందరు విన్నారు, డాక్టరు చెబితే అందరూ విన్నారు. ఫ్రీజింగ్‌కు పట్టే సమయం కన్నా ఈ మాటకు పట్టే సమయం ఎక్కువ, దయచేసి ఆ సమయం డ్యూటీలో లెక్కించండి. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల (ఐసీటీసీ) కౌన్సెలర్లకు ఇలాంటి సంభాషణ చేతనవును. వాళ్లను ఆ రోజు ఆ గదిలో కూర్చోబెట్టండి. భార్యాభర్తలిద్దరినీ పిలిచి మాట్లాడాలా, ఒక్కరితోనేనా అన్నది పేషెంటు చెప్పినట్టు జరగాలి.

గర్భిణుల సంగతి ప్రత్యేకం. కడుపుతో ఉన్నప్పుడు పులిపిర్లు ఒక్కసారిగా పెరుగుతాయి, తాకితే నెత్తురొస్తుంది. బిడ్డకు అంటుకుంటుందని చెప్పి ఆపరేషన్ చేయించుకోమని భయపెట్టిన సందర్భాలు నాకు తెలుసు. పులిపిర్లు ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. దారికి అడ్డంగా ఉంటేనో, రక్తస్రావం ఎక్కువయ్యేలా ఉంటేనో ఆలోచించాలి. బిడ్డ గొంతులో ఈ కాయలు రావడం చాలా అరుదు. నెలలు నిండకముందే ఫ్రీజింగ్‌తో కొంతైనా తగ్గించుకోవచ్చు. గర్భిణుల నెలవారీ చెకప్‌కు (ఏఎన్‌సీ) వచ్చిన రోజే పక్క గదిలో అది జరిగేటట్టుంటే ఆమె వేరేగా ఏ సాకూ వెతుక్కోనక్కర్లేదు.

ఇంటికెళ్లాక జాగ్రత్తలు చెప్పేటప్పుడు మా పనులు గుర్తుంచుకోండి. "తడి తగలకుండా చూసుకోండి" అని ఒక్క ముక్కలో చెప్పి పంపితే, మోకాలి లోతు బురదలో నాటు వేసే మనిషి ఏం చేస్తుంది? చెరువులో దిగి వల లాగే మనిషి? పొక్కు ఉన్న నాలుగైదు రోజులు గట్టు మీద పని దొరుకుతుందేమో అడగమనండి. నూలు లోదుస్తులు వాడమని, కాలవలో కాక ఇంటి దగ్గర మంచినీళ్లతో కడుక్కోమని, పసుపూ ఆకుపసర్లూ పెట్టవద్దని, మానేదాకా కలయిక వద్దని విడమరిచి చెప్పండి. జ్వరమో చీమో వస్తే ఎవరికి ఫోన్ చేయాలో నంబరివ్వండి.

గది బయట బోర్డు మీద "సుఖవ్యాధులు" అని రాయవద్దు. చర్మవ్యాధుల గది అంటే చాలు. చేతి మీద, కాలి మీద పులిపిర్లున్నవాళ్లకూ, ఆనెకాయలవాళ్లకూ అదే గదిలో అదే రోజు చేయండి. అప్పుడు ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషి ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. పేరుకు బదులు టోకెన్ నంబరు పిలవండి. ఆడవాళ్లను చూసేటప్పుడు లోపల ఒక ఆడమనిషి ఉండాలి. ఊరి ఆశా కార్యకర్తకు సమాచారం వెళ్లకూడదు. మా ఆశాలు మంచివాళ్లే, కానీ ఆమె ఆ వీధి మనిషే.

టీకా గురించి ఒక్క మాట. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. అది 16, 18తో పాటు 6, 11 రకాలకూ పనిచేస్తుంది, అంటే పులిపిర్లనూ అడ్డుకుంటుంది. ఇలాంటి టీకానే 2007లో ఆడపిల్లలకు మొదలుపెట్టిన ఆస్ట్రేలియాలో నాలుగైదేళ్లకే 21 ఏళ్ల లోపు ఆడపిల్లల్లో ఈ పులిపిర్లు 90 శాతానికి పైగా తగ్గాయి. టీకా గురించి బడుల్లో చెప్పేటప్పుడు తల్లులకు ఈ సంగతీ చెప్పండి. ఇప్పటికే పులిపిర్లు ఉన్నవాళ్లకు మాత్రం టీకా వైద్యం కాదు.

మొదలుపెట్టడానికి ఒక్క ఆసుపత్రి చాలు. దాళ్వా కోతలై కాలవలు కట్టేశాక వేసవిలో పొలం పనులు తక్కువ. ఆ నెలల్లో తొలి విడత పెడితే కూలి పోకుండా వచ్చి, సార్వా నాట్లు పడేలోపు మూడు నాలుగు సార్లు పూర్తి చేయించుకునే వీలుంటుంది. సిబ్బందికి శిక్షణ పెట్టిన రోజున కబురు చేస్తే నేను వస్తాను. ద్రవం ఒంపడం దగ్గర నుంచి పేషెంటుతో మాట్లాడటం దాకా నాకు తెలిసింది నేర్పుతాను, దానికి నాకేమీ ఇవ్వనక్కర్లేదు. ఈ లేఖకు మీ నుంచి నాకు కావాల్సిన జవాబులో మూడు సంగతులుంటే చాలు: ఏ ఆసుపత్రి, నెలలో ఏ ఏ రోజులు, ఏ గది. అవి తెలిస్తే, నా దగ్గర అందరూ వెళ్లేదాకా కూర్చునే మనుషులకు నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కోనసీమ